యాక్సిలరేట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఇరవై రెండేళ్ల వయసులో మా బాబాయి తరఫున బ్యాంకుకు ఒక ఉత్తరం రాశాను. కావలి పక్కన ఆయనకు రెండు రొయ్యల గుంటలు ఉండేవి. వాటి కోసం పెట్టుకున్న లోను మూడు నెలలైనా మంజూరు కాలేదు. ఇంట్లో డిగ్రీ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఉత్తరం రాసే పని నా నెత్తిన పడింది. ‘తొందరగా ఇవ్వండి’ అనే మాటకు కాస్త బరువైన ఇంగ్లీషు కావాలని డిక్షనరీ తిరగేసి, ‘కైండ్లీ యాక్సిలరేట్ మై లోన్’ అని రాసి, కింద బాబాయి చేత సంతకం పెట్టించాను. వారం తర్వాత ఆ బ్యాంకు ఆఫీసరు నన్ను పిలిపించి, నవ్వు ఆపుకుంటూ అడిగాడు: “ఏమయ్యా, ఇంకా ఇవ్వని అప్పు మొత్తం ఒకేసారి కట్టించుకోమంటావా?”

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. అప్పు పత్రాల్లో ‘యాక్సిలరేషన్ క్లాజ్’ అని ఒక షరతు ఉంటుంది. వాయిదాలు తప్పితే, మిగిలిన అప్పంతా ఇప్పుడే కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు ఇచ్చేది అదే. ‘లోన్ యాక్సిలరేట్ చేశారు’ అంటే ఐదేళ్లలో తీరాల్సిన బాకీ ఇవాళే మెడ మీదికి వచ్చిందని అర్థం. నేను అడిగింది అది!

ఇప్పుడు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు ఇదే తప్పు చేస్తారు. అందుకని ఈ క్రియను ఎలా వాడాలో వరసగా చెబుతాను. మీరూ ఒక కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు కదులుతోందో లేదో చూడండి

తెలుగులో మనకు ‘తొందరగా’ ఒక్కటి చాలు. తొందరగా రా, తొందరగా పెరిగింది, తొందరగా సంతకం పెట్టండి, అన్నీ దాంతోనే గడిచిపోతాయి. మా అవ్వ “బిన్నా రా అబ్బయా” అనేది. అదీ అంతే, అన్నిటికీ ఒకటే. ఇంగ్లీషులో మాత్రం ఒక్కో తొందరకు ఒక్కో క్రియ ఉంది. అందుకే యాక్సిలరేట్ రాయబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది ఇప్పటికే నడుస్తున్న పనేనా?

నడుస్తున్నదాని జోరు పెరిగితే యాక్సిలరేట్. ఎక్కడో చిక్కుకుని ఆగిపోయినదాన్ని వదిలించాలంటే ఎక్స్‌పెడైట్. ఈ రెండో మాట పుట్టుక తెలిస్తే మళ్లీ తడబడరు. లాటిన్‌లో దాని మూలానికి కాళ్లకు ఉన్న బంధం విప్పడం అని అర్థం. మధ్యలో ఉన్న ‘పెడ్’ అంటే పాదం, సైకిల్ పెడల్‌లో ఉన్నదే. దీనికి ఎదురు మాట ఇంపీడ్, అంటే కాళ్లకు అడ్డం పడడం. మేతకు వదిలిన ఎద్దు పక్క చేలో పడకుండా ముందు కాళ్లకు బందం వేస్తారు చూడండి. ఆ బందం విప్పడం ఎక్స్‌పెడైట్. ఒంగోలు గిత్త బండ లాగుతుంటే వెనక నుంచి అదిలించి ఇంకాస్త ఊపు తెప్పించడం యాక్సిలరేట్. కాళ్లకు బందం ఉన్న ఎద్దును ఎంత అదిలించినా ఏం లాభం?

యాక్సిలరేట్ మూలం కూడా లాటినే. ‘సెలెర్’ అంటే చురుకైనది, వడిగలది. దాన్ని ఇంకా వడిగా చేయడం ఈ క్రియ పని.

ఎంత పెరిగిందో కాదు, ఎలా పెరుగుతోందో చూడండి

అందరూ జారేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. ‘పెరగడం’ వేరు, ‘పెరిగే జోరు పెరగడం’ వేరు.

రొయ్యల గుంట దగ్గరే ఉండి చూద్దాం. వారానికోసారి వల విసిరి, పట్టిన వెనామీ రకం రొయ్యల్ని తూకం వేసి సగటు బరువు రాసుకుంటారు. మా బాబాయి ఒక పాత నోటుపుస్తకంలో రాసేవాడు, ఒక పేజీకి ఒక గుంట. అనుకోండి, మొదటి గుంటలో ఒక్కో రొయ్య 5 గ్రాములు ఉంది. పై వారం 7, ఆ పై వారం 9, తర్వాత 11. ప్రతి వారం సరిగ్గా 2 గ్రాములు పెరిగింది. ఇది మంచి పెరుగుదలే, కానీ యాక్సిలరేట్ కాదు. ఇంగ్లీషులో ‘ద ష్రింప్ ఆర్ గ్రోయింగ్ స్టెడిలీ’ అనాలి.

రెండో గుంటలో 5, తర్వాత 6.5, తర్వాత 8.5, తర్వాత 11. పెరిగింది మొదట ఒకటిన్నర, తర్వాత రెండు, తర్వాత రెండున్నర. ఇక్కడ జోరే పెరుగుతోంది. ‘ద గ్రోత్ ఈజ్ యాక్సిలరేటింగ్’ అని ధైర్యంగా రాయొచ్చు.

మూడో గుంట ఉంటే, అందులో 5, 7.5, 9.5, 11. రొయ్య పెరుగుతూనే ఉంది, కానీ వారం వారం పెరిగేది తగ్గుతోంది. ‘ద గ్రోత్ ఈజ్ స్లోయింగ్ డౌన్’. నాలుగో తూకానికి మూడు గుంటల్లోనూ రొయ్య 11 గ్రాములే, కిలోకు దాదాపు 90 కౌంటు. కొనడానికి వచ్చిన వ్యాపారికి మూడూ ఒకటే. వాక్యం రాసేవాడికి మాత్రం మూడు క్రియలు.

ఇది పట్టుబడితే పేపర్లో వచ్చే ధరల వార్తలు కూడా తేలికవుతాయి. ‘ఇన్‌ఫ్లేషన్ యాక్సిలరేటెడ్’ అంటే ధరలు పెరిగాయని మాత్రమే కాదు. నిరుడు నూటికి 4 చొప్పున పెరిగిన ధరలు ఈ ఏడు 6 చొప్పున పెరిగాయని. అదే 6 నుంచి 3కి వస్తే ‘ఇన్‌ఫ్లేషన్ స్లోడ్’ అంటారు. దాన్ని చూసి ధరలు తగ్గాయని అనుకుంటే కూరగాయల మార్కెట్లో దెబ్బ తింటారు. ధరలు తగ్గలేదు, పెరగడమే కాస్త నెమ్మదించింది.

బండి మీద

రోడ్డు మీద ఈ మాటకు పేచీ లేదు. ఇక్కడ ఆగి ఉన్నదానికి కూడా వాడొచ్చు. సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండి ‘యాక్సిలరేటెడ్ ఫ్రమ్ జీరో టు సిక్స్‌టీ’. బండికి ఉన్న ఈ వెసులుబాటు ఫైలుకు లేదు.

వాక్యం రెండు రకాలుగా కుదురుతుంది. బండే జోరందుకుంటే ‘ద బస్ యాక్సిలరేటెడ్ ఆఫ్టర్ ద టోల్ గేట్’. ఎవరో, ఏదో జోరు పెంచితే ‘హీట్ యాక్సిలరేట్స్ ద సెటింగ్ ఆఫ్ కాంక్రీట్’, వెనక కర్మ వస్తుంది. మనిషిని మాత్రం కర్మ స్థానంలో పెట్టకండి. ‘హీ యాక్సిలరేటెడ్ మీ’ అంటే నవ్వుతారు. మనిషిని తొందరపెట్టడం రష్, లేదా హరీ. ‘డోంట్ రష్ మీ’ అనడం ఎవరికైనా అలవాటే. అలాగే ‘ఐ యాక్సిలరేటెడ్ టు ద బస్‌స్టాండ్’ అంటే మీరు నడిచి వెళ్లారని కాదు, బండి మీద రేజ్ ఇచ్చారని అర్థం చేసుకుంటారు. నడిచి వెళితే ‘ఐ హరీడ్’ చాలు.

‘యాక్సిలరేట్ ద స్పీడ్’ అని రాసేవాళ్లున్నారు. జోరును జోరుగా పెంచడం, గోరింటాకు మీద మళ్లీ ఎర్ర రంగు పూసినట్టు. ‘ఇంక్రీజ్ ద స్పీడ్’ అనండి, లేదా ‘యాక్సిలరేట్’ అని వదిలేయండి. ‘యాక్సిలరేట్ ద పేస్’ మాత్రం అందరూ వాడతారు, దాంతో తగాదా పెట్టుకోకండి.

ఫిజిక్సులో ఈ మాటకు కొమ్ములు మొలుస్తాయి

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇక్కడ ఒక లాభం ఉంది. మన పుస్తకాల్లో స్పీడు వడి, వెలాసిటీ వేగం, యాక్సిలరేషన్ త్వరణం. మూడింటికి మూడు మాటలు. నేను చూసినంతలో ఇంగ్లీషు మీడియం పిల్లల కన్నా వీళ్లే ఈ తేడాను ముందు పట్టుకుంటారు, ఎందుకో మొహమాటపడి చెప్పరు గానీ.

తాటిచెట్టు మీంచి కాయ రాలిందనుకోండి. గాలి అడ్డు లెక్కలోకి తీసుకోకపోతే, ఒక సెకను తర్వాత దాని వడి సెకనుకు 9.8 మీటర్లు, రెండో సెకనుకు 19.6. ప్రతి సెకనుకూ అదే 9.8 కలుస్తుంది. అదే గురుత్వ త్వరణం. ఇక్కడ వడి పెరుగుతోంది, త్వరణం మాత్రం మారడం లేదు. రొయ్యల లెక్క వచ్చినవాళ్లకు ఇదీ వస్తుంది.

ఫిజిక్సులో బ్రేకు వేసి నెమ్మదించడం కూడా త్వరణమే, గుర్తు మాత్రం మైనస్. మలుపు తిరగడమూ త్వరణమే. ఉదయగిరి వైపు వెళ్లే బస్సు ముల్లు 40 మీదే ఉంచి వంపు తిరిగినా, మీరు పక్కవాడి మీదికి ఒరుగుతారు. వడి మారలేదు, దిక్కు మారింది. దిక్కు మారినా త్వరణమే. మామూలు ఇంగ్లీషులో మాత్రం ఈ తెలివి చూపకండి. బ్రేకు వేసిన డ్రైవరును ‘హీ యాక్సిలరేటెడ్’ అంటే కోర్టులో కేసే తారుమారవుతుంది. దానికి ‘స్లోడ్ డౌన్’, పుస్తకాల్లో ‘డీసిలరేటెడ్’.

త్వరణమే పెరుగుతూ పోవడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ రాకెట్లు ఎగిరే శ్రీహరికోట. 2022 జిల్లాల విభజనలో అది తిరుపతి జిల్లాకు వెళ్లిపోయినా మా వైపు ఇంకా ‘మన షార్’ అనే అంటారు. ప్రయోగం ఉన్న రోజు నెల్లూరులో డాబాలెక్కి చూస్తారు. పైకి లేచేటప్పుడు రాకెట్ బద్ధకంగా కదిలినట్టు ఉంటుంది. మోయాల్సిన బరువులో ఎక్కువ భాగం ఇంధనమే. అది మండిపోతున్న కొద్దీ రాకెట్ తేలికవుతుంది, తోసే బలం అంతే ఉన్నా త్వరణం పెరుగుతుంది. ఒక దశ పూర్తయి రాలిపోయాక తర్వాతి దశ అందుకుంటుంది. భూమికి దగ్గర కక్ష్యలో నిలవాలంటే చివరికి సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు దాటాలి. ఈ కథంతా ఒక్క వాక్యంలో రాయమంటే: ‘ద రాకెట్ రైజెస్ స్లోలీ ఎట్ ఫస్ట్, బట్ ఇట్ కీప్స్ యాక్సిలరేటింగ్ యాజ్ ఇట్ బర్న్స్ ఇట్స్ ఫ్యూయెల్.’

ఆఫీసుకు అర్జీ రాసేటప్పుడు

మీలో ఎక్కువమందికి అసలు అవసరం ఇక్కడే. పట్టాదారు పాసుపుస్తకమో, మ్యుటేషనో, సర్టిఫికెటో ఆఫీసులో ఆగిపోయింది. అది నడవడం లేదు, ఎక్కడో ఇరుక్కుంది. కాబట్టి ఎక్స్‌పెడైట్.

ముందుగా తేదీ, అర్జీ నంబరు రాయండి. తర్వాత ఎన్నాళ్లుగా ఆగిందో ఒక వాక్యం. ఆ తర్వాతే అడగండి: ‘ఐ రిక్వెస్ట్ యు టు ఎక్స్‌పెడైట్ మై అప్లికేషన్.’ నంబరు లేకుండా ఎక్స్‌పెడైట్ అని పదిసార్లు రాసినా కాగితం కట్టలో కలిసిపోతుంది. ‘ప్లీజ్ హరీ అప్’ అని ఏ ఆఫీసరుకూ రాయకండి, అది స్నానాల గది బయట నిలబడి తమ్ముడి మీద అరిచే మాట. కోర్టు కాగితాల్లో ఎక్స్‌పెడైట్ చుట్టం ఒకటి కనబడుతుంది, ఎక్స్‌పెడిషస్‌లీ. త్వరితగతిన తేల్చమని అర్థం. ‘ఎక్స్‌పెడిషన్’ మాత్రం మామూలుగా కొండలకో మంచు ఖండానికో వెళ్లే యాత్ర, అర్జీలో అది రాస్తే గుమాస్తా ఆశ్చర్యపోతాడు.

తెలుగు పేపర్ల ‘వేగవంతం’ దగ్గర జాగ్రత్త. ‘పనులు వేగవంతం చేయాలి’ అన్న హెడ్డింగు చూడని వారం ఉండదు. దాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే లోపల ఏముందో చూడాలి. మా వైపు వెలిగొండ ప్రాజెక్టునే తీసుకోండి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాల గుండా కృష్ణా నీళ్లను ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్ట భూములకు తేవాలన్నది పథకం. 1996లో శంకుస్థాపన జరిగింది. ఇలాంటి పథకంలో తవ్వకం నడుస్తూ, రోజుకు తవ్వే మీటర్లు పెంచాలంటే ‘ద వర్క్ షుడ్ బి యాక్సిలరేటెడ్’. నిర్వాసితులకు రావాల్సిన డబ్బు కాగితాల్లో ఆగితే ‘ద పేమెంట్స్ షుడ్ బి ఎక్స్‌పెడైటెడ్’. తెలుగులో రెండూ ‘వేగవంతం’ కిందే వస్తాయి. పోటీ పరీక్షల అనువాదం ప్రశ్నల్లో మార్కులు పోయేది ఇక్కడే.

ఈ కోవలోకే వచ్చే ఇంకొన్ని క్రియలు

ఎస్కలేట్‌ను చాలామంది దీనికి తమ్ముడనుకుంటారు. కాదు. కస్టమర్ కేర్ వాళ్లు ‘మీ కంప్లైంట్ ఎస్కలేట్ చేశాం’ అంటే త్వరగా చేస్తామని కాదు, పై అధికారికి పంపామని. గొడవ ముదిరినా ఎస్కలేటే. మెట్లు వాటంతటవే పైకి పోయే యంత్రం ఎస్కలేటర్, బండికి ఉండేది యాక్సిలరేటర్. మన నోట్లో రెండూ ‘ఎక్స్‌లేటర్’ అయిపోయి ఈ తికమక వచ్చింది.

హేసన్ అని ఒకటుంది. స్పెల్లింగులో ‘టి’ ఉంటుంది, నోటితో పలకరు. ఎప్పుడో జరగాల్సింది ముందే జరిగేలా చేయడం దాని పని, తరచు చెడుకు వాడతారు: ‘డ్రింకింగ్ హేసన్డ్ హిస్ డెత్.’ మీటింగు తేదీ ముందుకు జరపడానికి మన దేశంలో బాగా వాడుకలో ఉన్న మాట ప్రీపోన్. బయటి దేశాల వాళ్లకు కొత్తగా అనిపించినా ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో చోటు దొరికింది. మన ఆఫీసుల మధ్య నిక్షేపంగా రాయండి. విదేశీ కంపెనీకి రాసేటప్పుడు ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి. ఇంట్లో, స్నేహితులతో ‘స్పీడ్ అప్’ చాలు, అక్కడ యాక్సిలరేట్ అంటే పెళ్లి బట్టల్లో పాలకు వెళ్లినట్టుంటుంది.

తుఫాను గురించి ఒక్క మాట, మన కోస్తాలో ఏటా అవసరమే కదా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ‘వాయుగుండం బలపడింది’ అని వింటూ ఉంటాం. దానికి ‘ఇంటెన్సిఫైడ్’. ‘ద సైక్లోన్ యాక్సిలరేటెడ్’ అంటే గాలుల బలం పెరిగిందని కాదు, తుఫాను ఒడ్డుకు వచ్చే నడక జోరందుకుందని. ఒక మాటకు ఇంకో మాట పెడితే గ్రామంలో వేరే జాగ్రత్త తీసుకుంటారు.

కంప్యూటర్లో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ అని సెట్టింగు కనబడితే, బొమ్మల పని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడమని. కొత్త కంపెనీలకు కొన్ని నెలలు శిక్షణ, కొంత పెట్టుబడి ఇచ్చి ఊపు తెచ్చే సంస్థనూ యాక్సిలరేటర్ అంటారు. సిమెంటు త్వరగా గట్టిపడడానికి కలిపే మందూ యాక్సిలరేటరే, ఆలస్యంగా గట్టిపడాలంటే కలిపేది రిటార్డర్. రోహిణి కార్తెలో మన ఎండే యాక్సిలరేటర్ కాబట్టి మొదటిది కొనే పని అంతగా పడదు.

ఇక నోటితో అనండి

యాక్‌-సె-ల-రేట్. ఒత్తు ‘సె’ మీద పడాలి. యాక్సిలరేషన్‌లో మాత్రం ఒత్తు ‘రే’ మీదికి పోతుంది. స్పెల్లింగులో రెండు ‘సి’లు, ఒకే ‘ఎల్’, దాని తర్వాత ‘ఇ’. అక్కడ ‘ఎ’ పెట్టేవాళ్లే ఎక్కువ. రెండు ‘సి’ల తర్వాత ‘ఇ’ గానీ ‘ఐ’ గానీ వస్తే ‘క్స’ అని పలుకుతుంది. యాక్సిడెంట్, సక్సెస్ మనం తప్పు పలకం కదా, అదే సూత్రం. ఎక్స్‌పెడైట్‌లో ఒత్తు మొదటి అక్షరం మీదే, చివర ‘డైట్’.

సాధనకు మూడు వాక్యాలు ఇస్తున్నాను, కింది జవాబులు చదవకుండా ముందు మీరే ఇంగ్లీషులో రాసి చూడండి. ‘మా అబ్బాయి పాస్‌పోర్ట్ త్వరగా వచ్చేలా చూడండి.’ ‘వాన పడ్డాక నారు ఇంకా జోరుగా ఎదిగింది.’ ‘డ్రైవర్ లారీని దాటడానికి స్పీడు పెంచాడు.’

మొదటిది ‘ప్లీజ్ ఎక్స్‌పెడైట్ మై సన్స్ పాస్‌పోర్ట్’. రెండోది ‘ద గ్రోత్ ఆఫ్ ద సీడ్‌లింగ్స్ యాక్సిలరేటెడ్ ఆఫ్టర్ ద రెయిన్’. మూడోది ‘ద డ్రైవర్ యాక్సిలరేటెడ్ టు ఓవర్‌టేక్ ద లారీ’. మూడోదాన్ని ‘స్పెడ్ అప్’ అని రాసినా నేను మార్కు ఇస్తాను.

ఇంత నేర్చుకున్నాక బండి మెకానిక్ షెడ్డుకు వెళితే మాత్రం అక్కడ ‘ఎక్స్‌లేటర్ కేబుల్’ అనే అడగండి. యాక్‌సెలరేటర్ అని సాగదీసి అడిగితే మా మెకానిక్ ఒకసారి హారన్ విప్పి చేతికిచ్చాడు.